పెరట్లో ఈతకొలను ఎవరి కోసం?

మా తమ్ముడు భోజనాల బల్ల మీద ఓ పెద్ద కాగితం పరిచి, అది చుట్టుకుపోకుండా ఒక మూల పచ్చడి జాడీ, ఇంకో మూల నెయ్యి గిన్నె పెట్టి, "చూడక్కా" అన్నాడు.

చూశాను. కాగితం మధ్య ఓ నీలం రంగు దీర్ఘచతురస్రం. పొడవు 24 అడుగులు, వెడల్పు 12, లోతు నాలుగున్నర. చుట్టూ చెక్క పలకల్లా కనిపించే టైల్సు. ఓ పక్క రెండు వాలుకుర్చీలు. ఆ కుర్చీల్లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఎవరో దొరా దొరసానీ కూడా వున్నారు. కంప్యూటరు వేసిన బొమ్మల్లెండి. హైదరాబాదులో, గండిపేట దారిలో మా తమ్ముడి ఇంటి పెరడు అది. ఆ పెరట్లో ప్రస్తుతం ఓ కరివేపాకు చెట్టూ, రెండు మందారాలూ, అంట్లు తోముకునే పంపూ, బట్టలారేసే తీగలు మూడూ వున్నాయి. కాగితంలో ఇవేవీ లేవు.

మజ్జిగ వడ్డిస్తున్న మా మరదలు ఆ బొమ్మకేసి చూసి, "మరి బట్టలెక్కడ ఆరేసుకోవాలండీ?" అంది.

"మేడ మీద" అన్నాడు వాడు తలెత్తకుండా.

"ఎవరు ఈదుతార్రా ఇందులో?" అన్నాను నేను. అడగవలసిన ప్రశ్నే. వాడికి ఈతొచ్చు. మరదలికి రాదు. పెద్ద మేనకోడలికి పద్నాలుగేళ్ళు, చిన్నదానికి తొమ్మిది, ఇద్దరికీ రాదు.

"వాళ్ళ కోసమేనక్కా ఇదంతా! ఆడపిల్లల్ని బయటి కొలనులకి పంపడం నాకిష్టం లేదు. ఎవరెవరో వస్తారు, ఎవడు ఎలా చూస్తాడో తెలీదు. మనింట్లో, మన గోడ లోపలైతే ఏ గొడవా వుండదు."

వాడు ప్రేమతోనే అన్నాడు. వాడి ప్రేమని నేను శంకించను. కూతుళ్ళ కోసం పద్దెనిమిది లక్షలు ఖర్చు పెడతానంటున్న తండ్రిని పట్టుకుని తప్పు పట్టడం మేనత్తకి తగునా అని కూడా అనుకున్నాను. కానీ ఆ "గోడ లోపల" అన్న మాట విన్నప్పట్నుంచీ నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. అంచేత వాడితో అనలేకపోయినవన్నీ మీతో అంటున్నాను.

మాది గోదావరి జిల్లాలో కాలవ గట్టు మీది ఊరు. మా తమ్ముడికి ఏడో ఏట మా నాన్నగారు ఈత నేర్పారు. జీలుగు బెండ్లు మోపుగా కట్టి, తాడుతో వాడి వీపుకి బిగించి, నీళ్ళలోకి తోసేవారు. వాడు కేకలు పెట్టేవాడు, కాళ్ళు కొట్టేవాడు. రోజుకో బెండు చొప్పున తీసేస్తూ, నెల తిరిగేసరికి మొత్తం విప్పేశారు. వాడు అవతలి గట్టుకి వెళ్ళి, బోరవిరుచుకుని తిరిగొచ్చాడు. వాడికన్నా రెండేళ్ళు పెద్దదాన్ని నేనేం చేశానంటారా? ఆ నెల రోజులూ రేవు మెట్ల మీద నిలబడి వాడి చొక్కా, నిక్కరు పట్టుకున్నాను. తువ్వాలు కూడా.

"నాకూ నేర్పండి నాన్నా" అని ఒకసారి అడిగాను. మా నాన్నగారు నవ్వి, "నువ్వెక్కడికి ఈదాలే తల్లీ" అన్నారు. ఆ మాట కూడా ప్రేమతోనే అన్నారు మరి.

ఫలితం ఏవిటంటే, నలభై అయిదేళ్ళు వచ్చేదాకా నాకు ఈత రాదు. ఇందులో ఇంకో సిగ్గుచేటు కూడా వుంది. నా నవలల్లో ముగ్గురు నాయికలు గోదాట్లో దూకారు. వాళ్ళలో ఒక్కర్తెనీ నేను ఈదించలేకపోయాను. ఇద్దర్ని నాయకుడు రక్షించాడు, ఒకర్తె పోయింది. నీళ్ళలో పడ్డ మనిషి చెయ్యి ఎలా కదుపుతుందో, కాలు ఎలా ఆడిస్తుందో రాసే నాకు తెలిస్తేగా!

మా పక్కింటి పిల్ల సంగతి ఏ నవలలోనూ రాయలేదు. నాతో ఆరో తరగతి చదివేది. దసరా సెలవుల్లో ఓ పొద్దున బిందె తోముకుని నీళ్ళు ముంచుకోవడానికి రేవులోకి దిగింది. బిందె చెయ్యి జారి రెండు గజాలు కొట్టుకుపోయింది. ఇత్తడి బిందె, అమ్మ తిడుతుందన్న భయం. అందుకోబోయి ఒక్క మెట్టు ఎక్కువ దిగింది. అంతే. దాని అన్నలు ముగ్గురికీ ఈతొచ్చు. ముగ్గురూ మధ్యాహ్నం దాకా కాలవంతా గాలించి, చివరికి లాకుల దగ్గర దొరికింది. బిందె మర్నాడు దొరికింది. దాన్ని ఆ ఇంట్లో మళ్ళీ వాడారో లేదో నాకు తెలీదు గానీ, కేక వినబడని చావు నీళ్ళలోనే వుంటుందని నాకు పదకొండో ఏటే తెలిసింది.

అందరికీ తెలిసిన విషయమే చెబుతున్నాను. నీళ్ళు తోడేది ఆడది, నీళ్ళు మోసేది ఆడది, రేవులో బట్టలుతికేది, అంట్లు తోమేది, పుష్కరాలకి మూడు మునకలేసేది ఆడది. రోజులో సగం నీళ్ళతోనే గడిపే మనిషికి ఆ నీళ్ళలో బతికి బయటపడే విద్య మాత్రం నేర్పం. నీళ్ళ దగ్గర పని మాది, నీళ్ళలో ఆట వాళ్ళది. ఆ మాటకొస్తే మన కావ్యాల్లో ఆడవాళ్ళంతా గజ ఈతగత్తెలే. అష్టాదశ వర్ణనల్లో జలక్రీడ లేకపోతే ప్రబంధానికే వెలితి. నేను బి.ఏ.లో తెలుగు సాహిత్యం చదివిన రోజుల్లో ఆ పద్యాలు ఎన్ని బట్టీ పట్టానో! అయితే ఆ జలక్రీడలు చేసేవాళ్ళ కోసం కాదు, చూసేవాళ్ళ కోసం రాసినవని అప్పట్లో మాకెవరూ చెప్పలేదు.

సరే, మా తమ్ముడి ప్లానుకి వద్దాం. పెరట్లో కొలను కడితే ఇంటి ఆడవాళ్ళకి ఈత వస్తుందా, ఇంకో పని వస్తుందా?

లెక్క వేశాను. నా లెక్కలు అంత మంచివి కావు గనక కాలేజీలో చదువుతున్న మా అబ్బాయి చేత మళ్ళీ వేయించాను. ఆ గుంట నిండడానికి 36 వేల లీటర్ల పైన నీళ్ళు కావాలి. 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు ఖాళీ చేసినా ఇంకా కొంచెం వెలితే. పట్నవాసంలో మనిషికి రోజుకి 135 లీటర్లని మన ప్రభుత్వ ఇంజనీర్లు లెక్క కట్టారు. నలుగురున్న ఆ సంసారానికి అది రెండు నెలల పైచిలుకు నీరు. పోనీ ఒక్కసారి నింపితే అయిపోతుందా? వేసవి ఎండకి రోజుకి ఎనిమిది మిల్లీమీటర్లు ఆవిరైపోయిందనుకున్నా, ఆ కొలను మీంచి 200 లీటర్ల పైన గాల్లో కలిసిపోతాయి. పైగా ఇసక ఫిల్టరుని వారం వారం వెనక్కి కడిగి, ఆ మురికి నీళ్ళు పారబోయాలి.

హైదరాబాదు ఎలాంటి ఊరో చూడండి. 1908లో మూసీ వరద ఊరిని ముంచేస్తే, ఆ వరదని ఆపడానికీ, ఊరికి తాగునీరు ఇవ్వడానికీ 1920 నాటికి గండిపేట చెరువు కట్టుకున్నారు. అది చాలక హిమాయత్‌సాగర్, మంజీర. అవీ చాలక కృష్ణ నీళ్ళు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్ల పైన మోటార్లతో ఎత్తి తెచ్చుకుంటున్నారు, ఆ తర్వాత గోదావరి కూడా. మా కాలవ నీళ్ళ అక్కచెల్లెళ్ళే అంతదూరం కొండలెక్కి వస్తున్నాయన్నమాట, మా తమ్ముడి వాలుకుర్చీల పక్కన పడుకోవడానికి! 2024 మార్చిలో బెంగుళూరులో నీటి కరువొచ్చి, ఈతకొలనుల్లో తాగునీరు వాడితే 5 వేల రూపాయలు జరిమానా అని అక్కడి జలమండలి ఉత్తర్వు వేసింది. ఆ సంగతి వాడికి గుర్తు చేశాను. "అది బెంగుళూరక్కా" అన్నాడు.

ఇహ చాకిరీ. ఇది మగవాళ్ళకి ప్లానులో కనబడదు. రంగు నీళ్ళలో వేసి చూసే చిన్న గొట్టం ఒకటి ఇస్తారు. నీళ్ళ పులుపు 7.2కీ 7.8కీ మధ్య వుండాలి. తగ్గితే కళ్ళు మండుతాయి, పెరిగితే క్లోరిన్ పని చెయ్యదు. క్లోరిన్ని ఎండ తినేస్తుంది గనక సాయంత్రం పూట వెయ్యాలి. వెయ్యడం మరిచిపోతే నాలుగు రోజుల్లో పాచి పట్టి, నీళ్ళు గోంగూర పులుసు రంగుకి తిరుగుతాయి. రాలిన ఆకులు వలతో దేవాలి, అడుగున మట్టి గొట్టంతో పీల్చాలి, టైల్సు సందులు బ్రష్షుతో రుద్దాలి. కొలను నుంచి ఘాటైన వాసనొస్తే శుభ్రంగా వుందనుకుంటారు కొందరు. ఆ వాసన ఒట్టి క్లోరిన్‌ది కాదుట, క్లోరిన్ మన చెమటతోటీ, ఇంకా చెప్పకూడని వాటితోటీ కలిస్తే పుట్టేదిట.

ఇవన్నీ ఎవరు చేస్తారు? "మనిషిని పెడతాం" అంటారు. పెట్టిన మనిషి మొదటి రెండు నెలలూ వస్తాడు. ఆ తర్వాత ఆ గొట్టం, ఆ వల ఎవరి చేతికి వస్తాయో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పాలా? వంటింట్లో మిక్సీ వచ్చినప్పుడూ, పెరట్లో కుక్కపిల్ల వచ్చినప్పుడూ, హాల్లో చేపల తొట్టె వచ్చినప్పుడూ ఇదే మాట విన్నాం. మా మరదలు ఇదివరకు ఒక ఇల్లు కడిగేది, ఇహ మీదట నాలుగున్నర అడుగుల లోతున ఇంకో ఇల్లు కడగాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది, ఆ కాగితంలో కంచె లేదు. అందం చెడుతుందని. ఆస్ట్రేలియాలో ఇంటి కొలను చుట్టూ కంచె, దానంతటదే మూసుకునే గేటు వుండాలని చట్టమే వుంది. వాళ్ళు ఎంతమంది పసివాళ్ళని పోగొట్టుకుంటే ఆ చట్టం వచ్చిందో! మా తమ్ముడింటి వెనక గదిలో వాచ్‌మన్ దంపతులుంటారు. వాళ్ళకి పద్దెనిమిది నెలల పిల్లాడు. ఇప్పుడిప్పుడే పరుగులు నేర్చాడు. వాడికి నీలం రంగన్నా, మెరుపన్నా ప్రాణం. ఆ తల్లి మా మరదలి అంట్లు తోముతున్నంతసేపూ వాణ్ణి ఎవరు చూస్తారో ప్లాను గీసిన ఇంజనీరు ఎక్కడా గీయలేదు. మనదేశంలో ఏటా ముప్ఫై వేల మందికి పైగా నీళ్ళలో మునిగి పోతున్నారు. అందులో ఇంకొకటి కలపడానికి పెద్ద నదే అక్కర్లేదు.

"పోనీలే, ఇన్ని వున్నా పిల్లలకి ఈతొస్తుంది కదా" అంటారా? అక్కడే నాకు ఒళ్ళు మండేది. 24 అడుగుల కొలనులో ఎవరికీ ఈత రాదు. నాలుగు బారలు వేసేసరికి గోడ తగులుతుంది. ఈత నేర్పే కొలను సాధారణంగా 25 మీటర్లుంటుంది. మన అడుగుల్లో 82. ఇంటి కొలనులో కాళ్ళు ఎప్పుడంటే అప్పుడు కింద ఆనతాయి గనక పిల్ల నీటిని నమ్మదు, నేలనే నమ్ముతుంది. నేర్పేవాళ్ళెవరు? తండ్రికి ఆదివారం కూడా ఆఫీసు ఫోన్లే. తోటి పిల్లలు లేరు, పందెం లేదు, ముందు వెళ్ళే పిల్ల మడమలు చూసి ఉక్రోషం తెచ్చుకునే వీలు లేదు. రెండు నెలలు గాలి ట్యూబుల మీద తేలి, మూడో నెల విసుగొస్తుంది.

మా తమ్ముడి కాంట్రాక్టరు మరీ తెలివైనవాడు. "మన సంస్కృతిలోనే వుందండీ, మొహెంజొదారోలో లేదూ?" అన్నాట్ట. వుంది. పన్నెండు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు, నీరు ఇంకకుండా తారు పూసిన ఇటికల కొలను. అయితే బాబూ, అది ఎవరి పెరట్లోనిదీ కాదు, ఊళ్ళో కోటలాంటి ఎత్తయిన చోట కట్టింది. మన కోనేళ్ళూ అంతే, చెరువులూ అంతే. నీళ్ళని గోడ వెనక దాచుకోవడం మనం కొత్తగా నేర్చుకున్న గొప్ప.

ఈదిన ఆడవాళ్ళు ఎక్కడ నేర్చుకున్నారో చూడండి. ఆరతీ సాహా 1959 సెప్టెంబరులో ఇంగ్లీషు చానల్ ఈది దాటింది, ఆసియా ఖండంలో ఆ పని చేసిన మొదటి స్త్రీ. తల్లి లేని పిల్ల, నాలుగేళ్ళ వయసులో కలకత్తాలో స్నానఘట్టానికి వెళ్ళి, హుగ్లీ నీళ్ళలో ఈత పట్టుకుంది. మన తెలుగావిడ గోలి శ్యామల నీళ్ళంటే భయం పోగొట్టుకోవడానికి నలభై దాటాక ఈత మొదలుపెట్టారు. 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని పదమూడు గంటల పైన ఈది వచ్చారు. అప్పటికి ఆవిడ యాభయ్యో పడికి దగ్గర పడుతున్నారు. ఆ వార్త చదివిన రోజున నేను పేపరు మడిచి పెట్టి, చాలాసేపు అలా కూర్చుండిపోయాను. వీళ్ళిద్దర్లో ఎవరినీ "నువ్వెక్కడికి ఈదాలే తల్లీ" అని ఎవరూ ఆపలేదు కాబోలు. ఆపినా వినలేదేమో!

బయటి కొలనుల్లో అంతా బావుందని నేను చెప్పను. మా తమ్ముడి భయం ఉత్త భయం కాదు. కిందటేడు నేనే ఒక కొలనులో చేరాను. బట్టలు మార్చుకునే గదికి గడియ ఊడిపోయి వుంది, ఒకరు మార్చుకుంటుంటే ఇంకొకరు తలుపుకి వీపు ఆనించి నిలబడేవాళ్ళం. మెట్ల దగ్గర ఓ కాపలా మనిషి కళ్ళు ఎక్కడుండాలో అక్కడ వుండేవి కావు. లేడీస్ బ్యాచ్ ఉదయం పదకొండు గంటలకిట. ఉద్యోగం చేసే ఆడది పదకొండింటికి ఎక్కడుంటుంది? పిల్లల్ని బడికి పంపి, వంట చేసి, ఆఫీసుకి పరుగెత్తే మనిషికి ఆ వేళ ఖరారు చేసిన మహానుభావుడు జన్మలో క్యారేజీ సర్ది వుండడు. ఉదయం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా, అంటే మనుషులు రాగలిగిన వేళలన్నీ "జనరల్". జనరల్ అంటే ఎవరో మీకు తెలుసు.

అయితే దీనికి మందు పెరట్లో గుంట తవ్వడమా? గడియ లేకపోతే గడియ పెట్టించాలి. పదిమంది ఆడవాళ్ళం కలిసి కాగితం రాసి సంతకాలు పెట్టాం. మూడోవారానికి గడియ వచ్చింది. కాపలా మనిషి చోట ఓ అమ్మాయి వచ్చింది. వేళ మాత్రం ఇంకా మారలేదు, ఇంకో కాగితం రాస్తున్నాం. మగవాడి చూపుకి భయపడి మనం గోడ కట్టుకుంటే, గోడ బయటి చోటంతా వాడికే రాసిచ్చినట్టు కదా! బడికి పంపితే ఎవడో చూస్తాడన్నారు, సైకిలు తొక్కితే ఎవడో చూస్తాడన్నారు. మన అమ్మమ్మలకి చెప్పిన ఆ మాటే ఇప్పుడు నీలం టైల్సు వేసి, నీళ్ళ కింద దీపాలు పెట్టి మన మేనకోడళ్ళకి చెబుతున్నాం. కాకపోతే ఈ ఘోషాకి ఖర్చు ఎక్కువ.

నలభై అయిదేళ్ళ వయసులో, పూర్తి చేతుల దుస్తులూ, తలకి రబ్బరు టోపీ వేసుకుని నేను నీళ్ళలో దిగిన మొదటి రోజు గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. కడ్డీ వదల్లేదు. పన్నెండో రోజున మాత్రం తల నీళ్ళలో పెట్టి, చేతులు చాచి, ఓ పది అడుగులు తేలాను. నా పక్కన తేలుతున్నావిడ బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. అటు పక్కన టైలరింగు షాపు పెట్టుకున్న అమ్మాయి, ఆ వెనక కొత్తగా ఆరో నెల బాలింతతనం తీరిన డాక్టరు. ఎవరి సంసారం ఏవిటో ఎవరూ అడగలేదు. చెవుల్లో నీళ్ళు నిండి, లోకం చప్పుడంతా ఆగిపోయింది. అప్పుడు మా పక్కింటి పిల్ల గుర్తొచ్చింది. దానికి ఈ పది అడుగులు వచ్చి వుంటే చాలు, బిందె అందేది.

మా తమ్ముడు నా మాట విన్నాడని చెప్పను. కిందటి నెల మంచి రోజు చూసి తవ్వకం మొదలెట్టాడు. మూడడుగులకే బండ తగిలింది. హైదరాబాదు నేల సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆశ్చర్యపోరు. బండ కొట్టడానికి మిషను కావాలి, దానికి అదనంగా ఇంకో రెండు లక్షలని కాంట్రాక్టరు చెప్పాడుట. పక్కింటాయన తన గోడ బీటలిస్తే ఊరుకోనన్నాడుట. ప్రస్తుతానికి పని ఆగింది. మొన్నటి వానకి గుంటలో మోకాలి లోతు నీళ్ళు చేరి, కప్పలు అరుస్తున్నాయి. బట్టల తీగలు మాత్రం మొదటిరోజే పీకేశారు.

నిన్న మధ్యాహ్నం మా మరదలు ఫోన్ చేసింది. వెనకాల కప్పల అరుపులు నాకు వినబడుతూనే వున్నాయి. "వదినా, మీ లేడీస్ బ్యాచ్‌లో పిల్లల్ని కూడా చేర్చుకుంటారా?" అంది.

"శని, ఆదివారాలు చేర్చుకుంటారు."

"ముగ్గురం వస్తాం. మీ తమ్ముడితో నేను చెప్పుకుంటాను." కాసేపు ఆగి, గొంతు తగ్గించి అడిగింది, "ఆ టోపీలో నా జడ పడుతుందంటారా, ముడేసుకోవాలా?"

"ముడేసుకో. తలకి నూనె మాత్రం రాసుకుని రాకు, గేటు దగ్గరే ఆపేస్తారు" అన్నాను.